తొమ్మిదింటికి వదులయ్యే జాయింటు

నాకు నోరెక్కువని మా ఆఫీసులో అందరూ అంటారు. నా వెనకాలే అంటారు. ముఖం మీద అనే ధైర్యం ఒక్క మా మావయ్యకే ఉంది. "నీకున్నది నాలుక కాదే, క్లీవరు బ్లేడు" అంటాడు. క్లీవరంటే గాజు పోగుని తిన్నగా తెగ్గొట్టే చిన్న పరికరం, ఆయన చేతి పనిముట్టు. ఆ బ్లేడుతో నేను ఆయన్నే కోశాను, అదీ పదిమంది ముందు. ఇదంతా దాని గురించే. కాబట్టి నా మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోవచ్చు.

మా కంపెనీ పని చెప్పడం తేలిక. ఊళ్ళో ఒక సంస్థకి రెండు మూడు చోట్ల కట్టడాలుంటాయి. వాటి మధ్య మా కేబుల్ వేసి, అన్నీ ఒకే కప్పు కింద ఉన్నట్టు కంప్యూటర్లని కలిపి పెడతాం. మావయ్యది వీధి పని. కేబుల్లో వెలుగుని మోసే వెంట్రుకంత సన్నటి గాజు పోగులుంటాయి. రెండు పోగుల కొసలు ఎదురెదురుగా పెట్టి, మిషన్లో కరిగించి అతికిస్తాడు. దాన్ని జాయింటంటాం. ముప్ఫై రెండేళ్ళుగా అదే పని చేస్తున్నాడు. ఆఫీసంతా ఆయన్ని దారం బాబాయ్ అంటుంది.

నాది గది పని. ఊరంతా ఉన్న మా స్విచ్చు పెట్టెలకి, ఎవరి మాట ఎవరికి చేర్చాలో రాసి పెట్టడం. కస్టమరు కంప్యూటరు పంపేదాన్ని ఒక ఉత్తరం అనుకోండి. దాని మీద చిరునామాలు వాళ్ళవి. అంచున ఉన్న మా పెట్టె ఆ ఉత్తరాన్ని విప్పకుండా అలాగే తీసుకుని మా కవరులో పెడుతుంది. కవరు మీద మా పెట్టెల చిరునామా ఉంటుంది, ఒక మూల సర్వీసు నంబరు ఉంటుంది. మధ్య దారిలో ఉన్న పెద్ద పెట్టెలు కవరే చూస్తాయి, లోపలిది ఎవరిదన్నది వాటికి అక్కర్లేదు. అవతలి అంచున ఉన్న పెట్టె నంబరు చూసి, కవరు చింపి, లోపలి ఉత్తరాన్ని ఆ నంబరు గల కస్టమరుకి ఇస్తుంది. దీన్ని ప్రొవైడర్ బ్యాక్‌బోన్ బ్రిడ్జింగ్ అంటారు. అంత పేరు పిలిచే ఓపిక లేక మేం బ్యాక్‌బోన్ అనేస్తాం.

ప్రాణమంతా ఆ మూలనున్న నంబరులో ఉంటుంది. ఒక సర్వీసుకి ఒకే నంబరు, ఒక నంబరుకి ఒకే సర్వీసు. నంబర్ల రిజిస్టరు నా బల్ల మీదే ఉండేది. కొత్త నంబరు ముందు రిజిస్టర్లో రాసి, పక్కన టిక్కు పెట్టి, ఆ తర్వాతే పెట్టెలో కొట్టాలని రూలు పెట్టింది నేను. టిక్కు లేకుండా కొట్టినవాళ్ళని నేనెంత మాటలన్నానో ఇప్పుడు తలుచుకుంటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

ఇంకో రూలు కూడా నాదే. మీటింగు గదిలో బల్లకి తాడుతో కట్టిన లావుపాటి నోటుపుస్తకం ఒకటి ఉంది. ఎవరి చేతి పని వల్ల కస్టమరు సర్వీసు ఆగిపోతే, వాళ్ళు మర్నాడు పొద్దున మీటింగులో నిలబడి, అందరి ముందూ అందులో రాయాలి. మొదటి రెండు మాటలు 'నా వల్ల' అని ఉండాలి. ఎండ వల్ల, వాన వల్ల, వాడి వల్ల అని మొదలుపెట్టకూడదు. ఆరేళ్ళ కిందట మొదలుపెట్టాను. అందులో మేనేజరుగారి అక్షరం కూడా రెండుసార్లుంది. నాది ఒక్కసారి కూడా లేదు. అది చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో చెప్పలేను.

ఇక మావయ్య సంగతి. మా అమ్మకి తమ్ముడు. నా చిన్నప్పుడు పనినుంచి వస్తూ తెగిన కేబుల్ ముక్కలు తెచ్చేవాడు. లోపలి రంగు పోగులు గాజుల్లా చేతికి చుట్టుకుని తిరిగేదాన్ని. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అని జాయింటు చేసేటప్పుడు రంగులు ఏ వరసలో రావాలో ఎక్కాలకంటే ముందు నాకు నోటికొచ్చింది. కాలేజీ అయ్యాక ఈ కంపెనీ దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఆయనే. నేను గదిలో మేడమునయ్యాను, ఆయన వీధిలోనే ఉండిపోయాడు. ఇంట్లో ఆయన నన్ను అమ్మడూ అంటాడు, నేను నువ్వు అంటాను. ఆఫీసు మెట్లెక్కగానే ఆయన నన్ను మేడం అనేవాడు, నేను మీరు అనేదాన్ని. మొదట్లో ఇద్దరికీ నవ్వొచ్చేది. తర్వాత నాకు రావడం మానేసింది.

ఆసుపత్రివాళ్ళు రెండు వీధుల అవతల కొత్త ల్యాబు కట్టారు. రక్తపరీక్షలన్నీ అక్కడ చేసి, రిపోర్టులు పాత భవనంలోని డాక్టర్లకి పంపాలి. సోమవారం పగలంతా మావయ్య కేబుల్ లాగి, ల్యాబు బయటి గోడ మీది పెట్టెలో జాయింటు చేశాడు. సాయంత్రం ఆరున్నరకి నేను నంబరు కొట్టాను. ఏడింటికి పరీక్షించాం. రిపోర్టు ఇట్టే వెళ్ళింది. ల్యాబు ఆవిడ మా ఇద్దరికీ టీ ఇచ్చింది. మావయ్య జాయింటు పెట్టె మూత మీద తేదీ రాసి, సంతకం పెట్టాడు. ఆయన అలవాటది.

మంగళవారం పొద్దున తొమ్మిదీ ఐదుకి ల్యాబు ఆవిడ ఫోను. రిపోర్టు ఒకటి వెళ్తుంటే రెండు ఆగిపోతున్నాయి. సాయంత్రం ఆరు దాటాక అదంతటదే సర్దుకుంది. బుధవారమూ అంతే. తొమ్మిదికి మొదలు, ఆరుకి మాయం. పాపం ఆవిడ కాగితాలు పట్టుకుని ఆ రెండు వీధులూ పగలంతా నడిచింది.

నేను నా పెట్టెలు చూశాను. లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. సర్వీసు పేరు దగ్గర 'ఆసుపత్రి - ల్యాబు' అని చక్కగా ఉంది. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ పేరే చూశాను. నా వైపు తప్పు లేదని తేల్చుకున్నాక, ఇక మిగిలింది వీధే కదా. ఆ గోడ తూర్పు ముఖం. తొమ్మిదింటికి ఎండ పడుతుంది, సాయంత్రానికి చల్లబడుతుంది. ఎండకి జాయింటు వదులవుతోంది, చల్లబడ్డాక బిగుసుకుంటోంది. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

గురువారం మీటింగులో అదే చెప్పాను. మావయ్య గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మీటర్లో వెలుగు నష్టం ఏమీ చూపించలేదు మేడం" అన్నాడు.

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూపించదు."

"మధ్యాహ్నం కూడా వెళ్ళి చూశాను మేడం. బాగానే ఉంది."

నా మాటకి ఎదురు చెప్పాడని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీటరూ పాతదే, కళ్ళూ పాతవే" అన్నాను. "మీ చెయ్యి వణుకుతోంది. ఈ మధ్య నేను చూస్తూనే ఉన్నాను. ఒప్పుకోండి, పుస్తకంలో రాయండి."

చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. ఎవరో నవ్వారు. మావయ్య తన కుడిచేతిని ఓసారి తిప్పి చూసుకున్నాడు. లేచొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, తాడు కట్టిన పుస్తకంలో నెమ్మదిగా రాశాడు. 'నా వల్ల. ఎండకి జాయింటు వదులైంది. చెయ్యి వణికి ఉంటుంది.' కింద సంతకం పెట్టాడు.

శుక్రవారం తెల్లవారుతూనే వెళ్ళి ఆ జాయింటంతా విప్పి, పోగు పోగూ మళ్ళీ చేశాడు. తొమ్మిదయ్యేసరికి మళ్ళీ అదే గోల. దాంతో మేనేజరుగారు తేల్చేశారు. సోమవారం వేరే జాయింటరుని పంపుతారు. దారం బాబాయ్‌ని వ్యాను దింపి స్టోరు గదిలో కూర్చోబెడతారు. ఆయనకింకా రెండేళ్ళ సర్వీసుంది. "ఆ రెండేళ్ళూ వ్యాను మీదే గడిస్తే చాలు, స్టోరులో తాళాలకి కాపలా కాయలేను" అని ఎన్నిసార్లన్నాడో నాకు తెలుసు. మేనేజరుగారు నా వైపు చూసి "మీ మావయ్యే కదా, మీకేమైనా..." అన్నారు. పనిలో చుట్టరికాలు లేవని చెప్పాను. అది చెప్పేటప్పుడు గర్వంగా కూడా అనిపించింది.

ఆదివారం వచ్చింది. ఉతికిన బట్టలు ఆరేద్దామని డాబా మీదికెక్కితే చెప్పులు లేని కాళ్ళు చుర్రుమన్నాయి. పదకొండు గంటల ఎండ. ఒంటికాలి మీద గెంతుతూ, ఈ ఎండకి ఆ జాయింటు ఇవాళ పూర్తిగా ఊడి ఉంటుందనుకుని ల్యాబు ఆవిడకి ఫోను చేశాను. ల్యాబుకి ఆదివారం సెలవు లేదు.

"ఇవాళ అస్సలు ఇబ్బందే లేదండీ" అందావిడ. "పొద్దుట్నుంచి అన్నీ వెళ్తున్నాయి. బాగుచేసేశారా?"

ఎవరూ బాగుచెయ్యలేదు. ఎండ మాత్రం కాళ్ళు కాలేలా ఉంది. ఎండకి ఆదివారం సెలవుండదు. తొమ్మిదికి తెరిచి, ఆరుకి మూసి, ఆదివారం రానిది ఏదో వేరే ఉంది. తడి బట్టలు బకెట్లోనే వదిలేసి కిందికి దిగాను.

వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. అంచు పెట్టె ఏయే కంప్యూటర్లని ఎటువైపు చూసిందో రాసి పెట్టుకుంటుంది. శుక్రవారం నాటి జాబితా తీశాను. ఆసుపత్రికీ ల్యాబుకీ కలిపి అరవై కంప్యూటర్లుండాలి. నూట నలభై ఉన్నాయి. మిగతావి ఊరి అవతల ఉన్న ఒక గోదాము పెట్టె నుంచి వస్తున్నాయి. అప్పుడు చూశాను నంబరు. 20418. అది గోదాముది.

ఏం చేశానో వెంటనే గుర్తొచ్చింది. అన్నీ కొత్తగా కొట్టడం బద్ధకమై, వీళ్ళకి ముందు చేరిన కస్టమరు గోదాము కోసం కొట్టిన రాతని ఎత్తి ఆసుపత్రి పెట్టెల్లో అతికించాను. పేరు మార్చాను. తీగలు గుచ్చే పోర్టులు మార్చాను. నంబరు మార్చలేదు. ఒకే పెట్టెలో రెండుసార్లు కొడితే పెట్టే ఒప్పుకునేది కాదు. వేరే వేరే పెట్టెలు కాబట్టి ఏదీ నోరెత్తలేదు. గోదాము తెరిచినంతసేపూ వాళ్ళ ఉత్తరాలూ ఆసుపత్రి ఉత్తరాలూ ఒకే కుప్పలో పడ్డాయి. పైగా రెండు చోట్లా ముఖ్యమైన మిషనుకి ఒకే లోపలి చిరునామా ఉంది, కొన్నప్పుడు ఎలా వచ్చిందో అలాగే వదిలేసే అలవాటు అందరికీ ఉంటుంది కదా. రిపోర్టు ఓసారి డాక్టరు వైపు పోయేది, ఓసారి గోదాము వైపు పోయేది. ఆరుకి గోదామువాళ్ళు కరెంటు మెయిన్ ఆపేసి తాళం వేసుకుని పోగానే మనకి అంతా శుభ్రం.

రిజిస్టరు శనివారమే ఇంటికి తెచ్చుకున్నాను. తెరిచాను. 20419 పక్కన 'ఆసుపత్రి' అని నా చేత్తో రాసి ఉంది. టిక్కు లేదు.

అప్పుడే ఫోను తీసి మేనేజరుకి చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేనలా చెయ్యలేదు. ఆసుపత్రి పెట్టెలు రెండిట్లోనూ 20418 తీసేసి 20419 పెట్టాను. ఐదు నిమిషాలు పట్టింది. రిజిస్టర్లో టిక్కు పెట్టాను. లాప్‌టాప్ మూసి, పైకెళ్ళి బట్టలు ఆరేశాను. మావయ్యకి తర్వాత నెమ్మదిగా చెప్పొచ్చు, ముందు కస్టమరు పని కదా ముఖ్యం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి నా అక్షరం ఆ పుస్తకంలో పడకూడదు, అంతే. అంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

సోమవారం ఏడింటికి వేరే జాయింటరు వెళ్ళాడు. ఎప్పుడూ ఈల వేస్తుంటాడని అతన్ని ఈలపాట అంటారు. మావయ్య చేసిన జాయింటు కోసేసి తనది చేశాడు. తొమ్మిదింటికి అందరం తెర ముందు నిలబడ్డాం. తొమ్మిదీ ఐదైంది, తొమ్మిదీ పదైంది, తొమ్మిదింబావైంది. ఏ గొడవా రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"దారం బాబాయ్‌కి ఇక దారం అయిపోయింది" అన్నారు మేనేజరుగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నడుస్తున్నదాన్ని ఆగిపోతాను. మావయ్య కూడా చిన్నగా నవ్వాడు, చిన్నబుచ్చుకోలేదని చూపించడానికి. పోగులు అతికించే తన మిషన్ని గుడ్డతో తుడిచి ఈలపాటకి అప్పగించాడు. "దీని మూత కాస్త బిగుతు నాయనా. ఎడంచేత్తో ఎత్తితే తేలిగ్గా వస్తుంది" అని చెప్పి స్టోరు గది వైపు వెళ్ళాడు.

తర్వాత మూడు రోజులు నేను వెనక మెట్ల మీంచి వచ్చాను, స్టోరు గది ముందు మెట్ల దగ్గరుంటుంది కాబట్టి. తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది నాది, అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. ఎవరైనా 'ఆసుపత్రి' అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. బుధవారం ఒకతను టిక్కు లేకుండా నంబరు కొట్టాడు. తిట్టడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. "ఏంటి మేడం, ఒంట్లో బాలేదా" అని అడిగాడు.

గురువారం మధ్యాహ్నం అత్తయ్య ఫోను చేసింది. మావయ్య భార్య. "సాయంత్రం ఓసారి రావే. ఈయన ఏం చేస్తున్నాడో వచ్చి చూడు" అంది.

పని అయ్యాక వెళ్ళాను. ముందు గదిలో భోజనాల బల్ల మీద మావయ్య పాత మిషను ఉంది, కంపెనీ ఎప్పుడో పక్కన పడేస్తే బాగుచేసి ఇంట్లో పెట్టుకున్నది. బల్ల నిండా అట్టముక్కలు. ఒక్కో అట్ట మీద పది పన్నెండు జాయింట్లు వరసగా అంటించి ఉన్నాయి. పక్కన పెన్సిలుతో టైములు రాసి ఉన్నాయి. పెరటి గోడ మీద ఒక రేకు పళ్ళెం, అందులో మరికొన్ని.

"స్టోరు నుంచి వస్తూనే ఇదే పని" అంది అత్తయ్య. "పొద్దున లేస్తూనే వాటిని ఎండలో పెట్టి పోతాడు. అన్నీ వడియాలనుకుంటున్నాడో ఏమో."

మావయ్య నన్ను చూసి మొహం విప్పార్చాడు. "రావే అమ్మడూ, సమయానికొచ్చావు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. మూడు రోజుల్నుంచి డెబ్భై చేశాను. మిట్టమధ్యాహ్నం ఎండంతా పడేలా పొద్దున్నే రేకు మీద పెట్టి పోతున్నాను. మీ అత్త తీసి నీడలో పెడుతోంది. వచ్చాక ఒక్కొక్కటీ మీటరు పెట్టి చూస్తున్నాను. ఒక్కటీ వదులవడం లేదే. మరి ఆ గోడ మీది జాయింటే ఎందుకు వదిలిందంటావు?"

నేను బల్ల వైపే చూస్తున్నాను.

"చేతులు కూడా చూసుకుంటున్నాను" అన్నాడు. "నువ్వన్నావు కదా వణుకుతోందని. నాకైతే తెలీడం లేదు. కానీ నువ్వు ఊరికే అనవు. కనిపెట్టుకుని చూస్తుంటే ఒక్కోసారి వణికినట్టే ఉంటోంది. ఇదిగో, చూడు."

కుడిచెయ్యి చాపి పట్టుకున్నాడు. వేళ్ళ కొసలు నిజంగానే చిన్నగా కదులుతున్నాయి.

"నువ్వు చేసిన జాయింటుకేం కాలేదు మావయ్యా" అన్నాను. "తప్పు నాది. గోదాము నంబరు ఆసుపత్రికి కొట్టాను. గోదాము తెరిచినప్పుడల్లా రెండూ కలిసిపోయాయి. ఎండకీ దానికీ ఏం సంబంధం లేదు. నీ చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. నోటికొచ్చింది అనేశాను."

అత్తయ్య చేతిలో పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మావయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మర్చిపోయాడు.

"అయితే నేను మొదట చేసింది బాగానే ఉందా?"

"బాగానే ఉంది. రెండోసారి చేసిందీ బాగానే ఉంది."

"వాడు దాన్ని కోసి పారేశాడు కదే" అన్నాడు. తర్వాత అడిగాడు, "నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పేద్దామనిపించింది. ఇవాళే అంటే సరిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆదివారం" అన్నాను.

"ఇవాళ గురువారం" అన్నాడు మావయ్య. తిట్టి ఉంటే బావుండేది. నా పెళ్ళికి ముందు ఓసారి అబద్ధం చెప్పి సినిమాకెళ్తే వీధి చివరిదాకా వినబడేలా తిట్టాడు. ఆ నోరు ఇప్పుడు లేవలేదు. అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి సర్దడం మొదలుపెట్టాడు.

తిట్టింది అత్తయ్యే. "పదిమందిలో పరువు తీసి, నాలుగు గోడల మధ్య ఒప్పుకుంటే సరిపోతుందా? ఈయన నాలుగు రోజుల్నుంచి నిద్రపోతే ఒట్టు. పక్కలో పడుకుని చెయ్యి చూసుకుంటున్నాడు. నువ్వేమో ఏమీ ఎరగనట్టు కుక్కిన పేనులా పడున్నావా?" అంది. ప్రతి మాటా నిజమే. తలెత్తలేకపోయాను. గుమ్మం దాటేటప్పుడు చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకున్నానో కూడా చూసుకోలేదు, వీధి మలుపులో తెలిసింది.

శుక్రవారం మీటింగుకి ముందు మేనేజరు గదిలోకెళ్ళి అంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "ఒక కస్టమరు ఉత్తరాలు ఇంకొకరి తీగలోకి వెళ్ళాయా? ఇది బయటికొస్తే ఏమవుతుందో తెలుసా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. మీ మావయ్యని వ్యాను మీదికి నేనే నెమ్మదిగా పంపిస్తాను. మీరు పుస్తకంలో మాత్రం రాయకండి" అన్నారు. నాలుగు రోజులు నేను నాకు చెప్పుకున్నదే ఆయన నోట విన్నాను. ఎంత నీచంగా ఉందో అప్పుడు తెలిసింది.

మీటింగులో నిలబడి రాశాను. మావయ్య రాతకి కిందనే చోటుంది. 'నా వల్ల. గోదాము నంబరు ఆసుపత్రికి కొట్టాను. రిజిస్టరు చూడలేదు, టిక్కు పెట్టలేదు. ఆదివారం తెలిసింది, దొంగతనంగా దిద్దాను, శుక్రవారం దాకా ఇక్కడ చెప్పలేదు. పైన రాసినది అబద్ధం, ఆయన చేత నేను రాయించాను.' పైకి చదివాను. సగంలో ఆగి, మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివాను. ఎవరూ నవ్వలేదు. టిక్కు లేకుండా కొట్టినందుకు నా చేత తిట్లు తిన్నవాళ్ళు ముగ్గురు ఆ గదిలో ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు నవ్వినా నాకు కాస్త తేలికయ్యేది. జరిగింది ఒప్పుకుంటూ ఆసుపత్రికీ గోదాముకీ ఉత్తరాలు రాశాం. రిజిస్టరు నా బల్ల మీంచి తీసేసి వేరే ఆయనకిచ్చారు. ఈలపాట తనంతట తానే మిషను తెచ్చి మావయ్య ఒళ్ళో పెట్టాడు.

మావయ్య పై రాత కొట్టేస్తానన్నాను. "ఉండనీ" అన్నాడు. "పుస్తకంలో రాసింది కొట్టెయ్యకూడదన్నది మీ రూలే కదా, మేడం." ఎప్పటిలాగే మేడం అన్నాడు, ఎప్పటిలా నవ్వలేదు.

సోమవారం ఆయన మళ్ళీ వ్యానెక్కాడు. ఆ రోజుకి నేనూ వెంట వస్తానని అడిగాను, సరేనన్నాడు. మార్కెట్ వెనక వీధిలో రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపేశారు. పేవ్‌మెంటు మీద పెద్ద గొడుగు పాతి, కింద చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పోగు ఒలిచాడు, తుడిచాడు, తెగ్గొట్టాడు, రెండు కొసలూ మిషన్లో పెట్టి మూత మూశాడు. తెర మీద రెండు పోగులూ కలిసి ఒకటయ్యాయి. పక్కన నష్టం అంకె పడింది, దాదాపు సున్నా. ఇంతకంటే మంచి జాయింటు ఎవరూ చెయ్యలేరు.

మావయ్య మూత తియ్యలేదు. మిషన్ని నా వైపు తిప్పాడు.

"చూడవే, సరిగ్గా ఉందా?"

"ఉంది మావయ్యా. చాలా బాగుంది."

"సరిగ్గా చూడు. ఇదివరకు నేను చేతిని ఏమీ అడిగేవాణ్ణి కాదు, అదీ నన్నడిగేది కాదు. ఇప్పుడు ప్రతిదానికీ అడుగుతోంది."

వంగి, సరిగ్గా చూసి, ఉందని చెప్పాను. అప్పుడు మూత తీసి, దాన్ని పళ్ళెంలో సర్ది, తర్వాతి పోగు అందుకున్నాడు. అది కూడా అయ్యాక మిషన్ని నా వైపు తిప్పి, సరిగ్గా ఉందా అన్నాడు. ముప్ఫై రెండేళ్ళలో ఆయన జాయింటు చూడమని ఎవర్నీ అడగలేదు. ఆ కేబుల్లో ఇరవై నాలుగు పోగులున్నాయి. ఇరవై నాలుగుసార్లూ అడిగాడు.